అక్షరాలా ఎంత?

చెక్కు మీదైనా, ప్రోనోటు మీదైనా, చదివింపుల పుస్తకంలోనైనా రాసిన సొమ్ము ఎవరు చదివినా ఒకేలా వినపడాలి. అలా వినపడని చోట నష్టపోయేది దాదాపు ఎప్పుడూ చిన్నవాళ్లే.

తొమ్మిది వేలను పంతొమ్మిది వేలు చేయాలంటే ముందు ఒక్క ‘పం’ చేరిస్తే చాలు. అంకెల్లో అయితే 9,000కి ఎడమ పక్కన ఒక నిలువు గీత. సిరా రంగు కలిస్తే ఏడాది తర్వాత చూసినవాళ్లు తేడా పట్టలేరు. ‘నూట పదహారు’ ముందు జాగా ఉంటే ‘వెయ్యి’ వచ్చి కూర్చుంటుంది. ‘ఆరు వేలు’ ముందు ఖాళీ ఉంటే ‘ముప్పై’ పడుతుంది. మన లెక్కలో పెద్ద సంఖ్య ముందు వస్తుంది కాబట్టి మోసం కూడా ముందు నుంచే వస్తుంది. చివర ‘మాత్రమే’ అని రాసి వెనక తలుపు వేయడం అందరికీ అలవాటే. ముందు తలుపు మాత్రం చాలామంది బార్లా తీసి వదిలేస్తారు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర దస్తావేజులు రాసే పాతకాలపు లేఖర్లను గమనించండి. సొమ్ము రాయాల్సి వచ్చినప్పుడు వాళ్ల చెయ్యి నెమ్మదిస్తుంది. ‘రూ.’కూ అంకెకూ మధ్య గాలి కూడా దూరనివ్వరు. అంకె అయిపోగానే ‘/-’ గీస్తారు. ఆ వెంటనే ‘అక్షరాలా’ అని మొదలుపెట్టి మొత్తాన్ని మాటల్లో రాసి, ‘రూపాయలు మాత్రమే’ అని ముగిస్తారు. లక్ష అయితే ఉత్త ‘లక్ష’ అనరు, ‘ఒక లక్ష’ అంటారు. కొట్టివేతలుంటే పక్కన సంతకాలు పెట్టిస్తారు. దిద్దుబాట్లకు, ఖాళీలకు సంతకంతో ధ్రువీకరణ లేకపోతే పత్రాన్ని తీసుకోకుండా తిప్పి పంపే అధికారం 1908 రిజిస్ట్రేషన్ చట్టం అధికారికి ఇచ్చింది. లేఖర్లకు సెక్షన్ల నంబర్లతో పనిలేదు, చేతి అలవాటులోనే చట్టం ఉంటుంది. వాళ్ల అలవాటు మన చేతికీ రావాలన్నదే ఈ కథనం.

అంకె కన్నా మాటకే విలువ

మన దేశంలో చెక్కులూ ప్రామిసరీ నోట్లూ 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద నడుస్తాయి. అందులోని 18వ సెక్షన్ చిన్నది, ఎంతో విలువైనది. అంకెల్లో ఒక మొత్తం, అక్షరాల్లో ఇంకో మొత్తం ఉంటే అక్షరాల్లో రాసిందే చెల్లుతుందని అది చెబుతుంది. అంకె మారడానికి కలం ఒకసారి కదిలితే చాలు. మాట మారాలంటే చాలా దిద్దాలి, ఆ దిద్దుబాటు కళ్లకు కనబడుతుంది. ఆచరణలో బ్యాంకులు తేడా ఉన్న చెక్కును తిప్పి పంపేస్తాయి. అది వేరే సంగతి. గొడవ కోర్టుకెక్కితే మాటే గెలుస్తుంది.

చెక్కు బొమ్మ ఆధారంగా జరిగే క్లియరింగులో 2010 డిసెంబరు నుంచి చెక్కు మీద పేరును గానీ సొమ్మును గానీ దిద్దే వీలు లేదు. తప్పు పడితే కొత్త చెక్కు రాయాల్సిందే. 2021 జనవరి 1 నుంచి పాజిటివ్ పే వచ్చింది. రూ.50,000, ఆపైన చెక్కు రాసినవారు దాని నంబరు, తేదీ, పేరు, మొత్తం బ్యాంకుకు మరోసారి విడిగా తెలిపే ఏర్పాటు ఇది. రూ.5 లక్షలు, అంతకు మించితే బ్యాంకు దీన్ని తప్పనిసరి చేయవచ్చు. ఒకే సొమ్మును రెండు దారుల్లో చెప్పించి సరిచూసుకోవడమే ఇందులోని కిటుకు. అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయడం వెనక ఉన్నదీ ఇదే.

అయితే పల్లెల్లో, చిన్న పట్టణాల్లో డబ్బు నడిచేది చెక్కుల మీద కాదు, ప్రోనోట్ల మీద. ‘నా కుటుంబ ఖర్చుల నిమిత్తం మీ వద్ద ఈ రోజు తీసుకున్న అసలు రూ.50,000/-, అక్షరాలా యాభై వేల రూపాయలు మాత్రమే. ఈ రొక్కం నాకు ముట్టినది. దీనికి నెల ఒకటికి నూటికి రూ.2-00 చొప్పున వడ్డీతో...’ అంటూ సాగే ఆ నాలుగు వాక్యాల్లో ఎన్నో తరాల అనుభవం ఉంది. అసలు వేరుగా, వడ్డీ వేరుగా, ముట్టిందన్న మాట వేరుగా ఉంటాయి. రెవెన్యూ స్టాంపు మీద పడేలా సంతకం. బాగా రాసిన ప్రోనోటు నా దృష్టిలో తెలుగు వచనంలో కచ్చితత్వానికి మంచి నమూనా. ఒక్క మాట తీసేసినా ఎక్కడో బాధ్యత జారిపోతుంది.

అదే ప్రోనోటు మీద సొమ్ము గడి ఖాళీగా వదిలి సంతకం మాత్రమే పెడితే? స్టాంపు అంటించి, సంతకం చేసి, ఖాళీగా ఇచ్చిన కాగితాన్ని స్టాంపు విలువకు సరిపడే మొత్తం వరకు నింపుకునే అధికారం పట్టుకున్నవాడికి ఇచ్చినట్టేనని ఆ చట్టం 20వ సెక్షన్ భావిస్తుంది. చెక్కుల విషయంలో సుప్రీంకోర్టు 2019లో బీర్ సింగ్ కేసులో ఇలాంటి మాటే చెప్పింది. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివాళ్లు నింపుకున్నా, బాకీ ఉందన్న భావనతోనే కోర్టు మొదలుపెడుతుంది. లేదని చూపించాల్సిన భారం సంతకం చేసినవాడిదే. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ వడ్డీ వ్యాపారుల బాగోతం బయటపడినప్పుడు అందరూ మాట్లాడింది వడ్డీల గురించి, వేధింపుల గురించి. నాకు మాత్రం సంతకాలు పెట్టించుకున్న ఖాళీ కాగితాలే ఆ వ్యాపారానికి అసలు పెట్టుబడి అనిపిస్తుంది. సొమ్ము రాయని చోట సొమ్మెంతో నిర్ణయించేది బలమున్నవాడు.

చెల్లుల సంగతీ అంతే. కొంత కట్టినప్పుడు నోటు వెనక ఎంత కట్టారో తేదీతో రాయించి సంతకం చేస్తారు. ప్రోనోటుకు మూడేళ్ల కాలపరిమితి. గడువులోపు చెల్లు పడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అంటే ఆ చెల్లు కట్టినవాడి బాకీని తగ్గిస్తుంది, ఇచ్చినవాడి హక్కును పొడిగిస్తుంది. ఇద్దరికీ అంత ముఖ్యమైన చోట ‘5 ముట్టినవి’ అని రాస్తే ఎలా? అయిదు వందలా, అయిదు వేలా? వడ్డీ కిందా, అసలు కిందా?

నోటితో అన్నది కాగితం మీద చాలదు

మాట్లాడేటప్పుడు మనం వేలను, లక్షలను మింగేస్తాం. ‘గజం నలభై’ అంటే నలభై వేలు. ‘సెంటు నాలుగు’ అంటే నాలుగు లక్షలు. ‘ఎకరం రెండున్నర’ అంటే రెండున్నర కోట్లు. ఎదుటివాడికీ ఊరి ధర తెలుసు కాబట్టి తేడా రాదు. పైగా ఇరవై, అరవై ఒకదానికొకటి ఎంత దగ్గరగా వినిపిస్తాయో ఫోన్‌లో బేరమాడిన ఎవరికైనా తెలుసు. బయానా కాగితం రాసేటప్పుడు ఈ మింగేసిన మాటలన్నీ బయటికి రావాలి. ధర ఎకరాకా, మొత్తానికా? కొలతలో రెండు గుంటలు తగ్గితే సొమ్ము తగ్గుతుందా? బయానాగా ఇచ్చిన రూ.5,00,000 మొత్తంలో కలిసినట్టా, వేరా?

వడ్డీ లెక్కలోనూ మన మాటకూ బ్యాంకు మాటకూ పొంతన లేదు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. బ్యాంకు మేనేజరు ‘పన్నెండు’ అంటే ఏడాదికి పన్నెండు, మన లెక్కలో రూపాయి వడ్డీ. ఈ రెండు భాషల మధ్య ఉన్న సందులోకి ఫ్లాట్ రేటు దూరింది. పది వేలు తీసుకుని ఏడాదిలో పన్నెండు సమాన వాయిదాల్లో కట్టే అప్పుకు ‘12 శాతం ఫ్లాట్’ అంటే వడ్డీ రూ.1,200, నెలకు సుమారు రూ.933. చూడ్డానికి రూపాయి వడ్డీయే. కానీ అసలు నెలనెలా తగ్గిపోతున్నా వడ్డీ మాత్రం మొదటి పది వేల మీదే పడుతోంది. నిజంగా వాడుకున్న డబ్బు మీద లెక్కకడితే అది ఏడాదికి 21 శాతం దాటుతుంది. ఇక్కడ ఎవరూ అంకెను దిద్దలేదు, అబద్ధం రాయలేదు. దేని మీద అన్న ఒక్క మాట రాయలేదు, అంతే.

ఏ రూపాయి?

ఇప్పటివాళ్లకు రూపాయి అంటే ఒకటే. తెలంగాణలో తాతల కాలం అలా కాదు. నిజాం సంస్థానానికి సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లతో సమానం. అప్పుపత్రంలో ఉత్త ‘నూరు రూపాయలు’ అని ఉంటే చాలదు, హాలీయా కల్దారా అన్నది రాయాలి. 700 హాలీలు ఇచ్చి, పత్రంలో ఆ మాట లేక 700 కల్దార్లు వసూలు చేసుకుంటే బాకీదారు మీద వంద కల్దార్ల అదనపు భారం.

నాణెం పేరు రాయాల్సిన అవసరం మనకు మళ్లీ వచ్చింది. కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి దుబాయ్, ఒమన్ చేరినవాళ్లు నెలనెలా ఇంటికి పంపే డబ్బు మీద ఎన్ని కుటుంబాలు నిలబడ్డాయో! దుబాయ్ దిర్హముకు 100 ఫిల్సులు. కువైట్ దినారుకు 1,000 ఫిల్సులు, ఒమన్ రియాలుకు 1,000 బైసాలు. అందుకే కువైట్ కాగితాల్లో చుక్క తర్వాత మూడు అంకెలుంటాయి. జీతం 120.500 అని కనబడితే అది నూట ఇరవై దినార్ల అయిదు వందల ఫిల్సులు. చుక్కను కామాగా చూసినవాళ్లకు అది లక్షా ఇరవై వేల అయిదు వందలు. తొలిసారి వీసా కాగితం అందుకునే మనిషికి ఏజెంటు ఈ తేడా విడమరిచి చెప్పకపోతే, ఆశ పెట్టుకున్నది ఒక అంకె మీద, సంతకం చేసింది మరో అంకె మీద అవుతుంది. ‘అక్షరాలా నూట ఇరవై కువైట్ దినార్ల అయిదు వందల ఫిల్సులు’ అని పక్కన ఉంటే సందేహానికి చోటే లేదు. డాలరైనా అంతే. అమెరికాదా, ఆస్ట్రేలియాదా, సింగపూర్‌దా చెప్పాలి.

నాణెం లోపలి లెక్క కూడా ఒకసారి మారింది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు, రాసేటప్పుడు రూ.5-8-0. ఆ తర్వాత రూపాయికి నూరు నయా పైసలు. అణాకు లెక్క ప్రకారం ఆరుంపావు నయా పైసలు రావాలి. పావు పైసా నాణెం లేదు కాబట్టి అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టిక వేశారు. చిల్లర కొట్లో ఒక్కో అణా విడివిడిగా మార్చుకుంటే పదహారు అణాలకు 96 పైసలే. ఆ నాలుగు పైసలు పోయింది అణాలతో సరుకు కొనుక్కునేవాళ్లకే కానీ రూపాయలతో కొనేవాళ్లకు కాదు. రూ.2-50 అంటూ పైసల ముందు అడ్డగీత పెట్టే పద్ధతి ఆ పాత రాతలోంచి వచ్చిందే. ఇవాళ దాన్ని ‘రెండు నుంచి యాభై’ అని చదివేవాళ్లున్నారు. పైసలకు చుక్క, ‘నుంచి’ అన్న అర్థానికి ‘నుంచి’ అన్న మాటే వాడితే మంచిది.

కామాలు, కోట్లు

మన కామా మొదట మూడంకెలకు, ఆపైన రెండేసి అంకెలకు పడుతుంది. 10,00,000 చూడగానే కన్ను ‘పది లక్షలు’ అని పలుకుతుంది. అదే 1,000,000 అని ఉంటే చాలామంది కుడి నుంచి ఒకట్లు, పదులు, వందలు అని వేలు పెట్టి లెక్కపెట్టుకోవాల్సిందే. కంప్యూటర్లో ప్రాంతం అమరిక విదేశీ పద్ధతిలో వదిలేయడం వల్ల ఇప్పుడు చిన్న షాపు బిల్లుల్లో కూడా ఈ కామాలు కనబడుతున్నాయి. అమరికను ఒక్కసారి మార్చుకుంటే పోయే ఇబ్బంది ఇది. ఒకే కాగితంలో రెండు రకాల కామాలు ఉండటం అన్నిటికన్నా చెడ్డది.

పత్రికల్లో మాకూ బాధ్యత ఉంది. ఒక బిలియన్ అంటే వంద కోట్లు. డాలరు 85 రూపాయలనుకుంటే బిలియన్ డాలర్లు రూ.8,500 కోట్లు. ఒక్క సున్నా జారితే వార్త మొత్తం అబద్ధమవుతుంది. రూ.1.05 లక్షలను ‘లక్షా యాభై వేలు’ అని చదివేసే పాఠకుడిని తప్పుపట్టడం కన్నా, ‘రూ.1,05,000’ అని పూర్తిగా వేయడం మా పని. ‘రూ.10 నుంచి రూ.15 లక్షలు’ అని రాస్తే మొదటిది పది రూపాయలే అవుతుంది. ‘రూ.10 లక్షల నుంచి రూ.15 లక్షల వరకు’ అనాలి. ‘రూ.500 రూపాయలు’ అన్న రెండింతల రాత సంగతి చెప్పనక్కర్లేదు. ఉదయ్‌కుమార్ గీసిన ₹ గుర్తును 2010 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అది వాడినా, ‘రూ.’ వాడినా తప్పులేదు. ఒక పేజీలో ఒకటే ఉండాలి.

2025-26కి ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ రూ.3,22,359 కోట్లు, తెలంగాణది రూ.3,04,965 కోట్లు. ఆంధ్రప్రదేశ్ మొత్తాన్ని పూర్తి అంకెల్లో రాస్తే రూ.32,23,59,00,00,000. దీన్ని ఎవరూ ఊహించుకోలేరు. 2011 లెక్కల ప్రకారం ఆ రాష్ట్ర జనాభా 4.96 కోట్లు. పంచి చూస్తే మనిషికి సుమారు 65 వేల రూపాయలు. ఈ అంకెతో ఎవరైనా మాట్లాడగలరు. మా ఊరికి, మా బడికి, మా ఆస్పత్రికి ఎంత వచ్చిందని అడగగలరు. ప్రజల సొమ్మును ప్రజలకు అర్థమయ్యే కొలతలోకి దించకుండా లక్షల కోట్లలోనే వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పైకి చదవడం

రాసిన సొమ్మును పదిమందిలో పైకి చదివే అలవాటు మనకు కొత్తది కాదు. పెళ్లిలో చదివింపుల దగ్గర ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. ఫలానా ఊరి ఫలానావారు నూట పదహార్లు అని ఒకరు పిలుస్తారు, ఇంకొకరు రాసుకుంటారు. ఇచ్చినవాళ్లు విన్నారు, పుచ్చుకున్నవాళ్లు విన్నారు, మధ్యలో బంధువులూ విన్నారు. రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే ఆ పుస్తకం తీసి చూస్తారు. ఇరవై ఏళ్ల తర్వాత తీసినా ఆ పద్దు మీద తగాదా రాదు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికి జరిగిన సామాజిక తనిఖీలు ఈ పద్ధతినే ప్రభుత్వ లెక్కల్లోకి తెచ్చాయి. మస్టర్ రోల్లో ఉన్న పని దినాలు, సొమ్ము ఇంటింటికీ వెళ్లి చదివి ‘ఇంత ముట్టిందా?’ అని అడిగారు. తర్వాత గ్రామసభలో అందరి ముందూ చదివారు. చదువు రాని కూలీ కూడా ఆ క్షణంలో లెక్కల తనిఖీదారు అయింది. తన పేరు పక్కన ఉన్న మొత్తం తన భాషలో చెవిన పడింది కాబట్టే ‘లేదు, నాకు అంత రాలేదు’ అనగలిగింది. పొదుపు సంఘాల్లోనూ ఇదే చూస్తాం. రోజుకు రూపాయి పొదుపుతో నెల్లూరు జిల్లాలో మొదలైన ఉద్యమం ఇంత దూరం వచ్చిందంటే, సమావేశంలో ఎవరి పొదుపెంతో, ఎవరి బాకీ ఎంతో పైకి చదివి తీర్మానం పుస్తకంలో రాయడం అందుకు ఒక పెద్ద కారణమని నా నమ్మకం. ఎక్కడ చదవడం మానేశారో అక్కడ పుస్తకం ఒక్కరి చేతిలోకి పోయింది.

ఫోన్ చెల్లింపుల్లో సొమ్మును ఇలా మరో దారిలో సరిచూసుకునే వీలు మొదట్లో లేదు. అంకెలు నొక్కడం, పిన్ కొట్టడం, అంతే. 500కి బదులు 5000 పడినా అడ్డుకునే ‘అక్షరాలా’ అక్కడ లేదు. కూరగాయల బండి మీద సౌండ్ బాక్సు వచ్చాక సగం మేలు జరిగింది. వచ్చిన సొమ్మును అది తెలుగులో పలుకుతుంది, అమ్మేవాడు చేతిలో పని ఆపకుండానే సరిచూసుకుంటాడు. మిగతా సగం, అంటే పంపేవాడి వైపు, అన్ని యాప్‌లలోనూ ఇంకా పూర్తి కాలేదు. పిన్ కొట్టే ముందు తెర మీద అంకె కింద ‘అయిదు వేల రూపాయలు’ అని తెలుగు అక్షరాల్లో చూపించడం సాంకేతికంగా ఏమాత్రం కష్టం కాదు. చెక్కుకు 1881లోనే అవసరమనిపించిన జాగ్రత్త ఇది. ఆ యాప్‌లు నడిపేవాళ్లు దీన్ని చేసి తీరాలి.

అప్పుల విషయంలో కొంత కదలిక వచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఇచ్చే కొత్త టర్మ్ లోన్లకు బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే పత్రం ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చేతికొచ్చే సొమ్ము, వాయిదా, రుసుములు, అన్నీ కలుపుకొని ఏడాదికి పడే అసలైన వడ్డీ శాతం అందులో ఉండాలి. ఫ్లాట్ రేటు వెనక దాక్కున్న 21 శాతం అక్కడ బయటపడుతుంది. ఆ పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి, అందులో ఉన్నది వివరించాలి, అర్థమైందని వారితో రాయించుకోవాలి. ఏడు రోజులు, అంతకు మించిన గడువున్న అప్పు అయితే ఆ షరతులు కనీసం మూడు పనిదినాలు మారకూడదు. అంటే కౌంటర్ దగ్గరే సంతకం పెట్టాల్సిన తొందర లేదు. ఇంగ్లిషులో ఇస్తే తెలుగులో అడగవచ్చు. ఇంటికి తెచ్చుకుని, మొత్తం ఎంత కట్టాలో చదువుకునే పిల్ల చేత అక్షరాలా చదివించుకుని, పక్కన తెలుగులో రాయించుకుని, మూడో రోజు వెళ్లి సంతకం చేయవచ్చు, లేదా అప్పు వద్దని చెప్పి రావచ్చు.